‘మా తమ్ముడు కాలు జారాడట’: క్లారెన్స్ కల మీద ఆరు వారాల పని

విశాఖలో నేను నటులకి వాచికం, అంటే వేదిక మీద మాట ఎలా పలకాలో, చెప్తుంటాను. ఎక్కువగా పరిషత్తు నాటకాల వాళ్ళకి, అప్పుడప్పుడు కాలేజీ పిల్లలకి. ఈ కేసు ఒక్క నటుడిది, ఒక్క సీనుది. షేక్‌స్పియర్ ‘మూడో రిచర్డ్’లో మొదటి అంకం, నాలుగో రంగం. లండన్ టవర్‌లో ఖైదీగా ఉన్న క్లారెన్స్, రాత్రి తనకొచ్చిన కల కాపలావాడికి చెప్పే ఘట్టం. దాదాపు అరవై లైన్లు. కల చెప్పి మళ్ళీ నిద్రపోతాడు, కాసేపటికే హంతకులొస్తారు. ఆ కాస్త మాట తెలుగులో నిలబడడానికి మాకు ఆరు వారాలు పట్టింది. ఏం చేశామో, ఏది పనికి రాలేదో, చివరికి ఏది దారి చూపించిందో రాసి పెడుతున్నాను. కల చెప్పే సీను పట్టుకుని అవస్థ పడే నటులు ఇంకా ఉంటారు కాబట్టి.

కథ తెలియని వాళ్ళకి ముందు రెండు ముక్కలు. ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు ఎడ్వర్డ్, రాజు. రెండోవాడు జార్జ్, ఇతన్నే క్లారెన్స్ అంటారు. మూడోవాడు రిచర్డ్, గ్లోస్టర్ ప్రభువు, సింహాసనం మీద కన్నేసినవాడు. ‘జి’ అక్షరంతో మొదలయ్యే పేరుగలవాడు నీ పిల్లలకి రాజ్యం దక్కనివ్వడు అని రాజు చెవిన ఒక జోస్యం పడుతుంది. జార్జ్‌ని జైల్లో వేస్తారు. గ్లోస్టర్ కూడా జి అక్షరమే అని ఎవరికీ తట్టదు. ఇదంతా చేయించింది తమ్ముడే, కానీ క్లారెన్స్‌కి అది తెలియదు. తెలియదు అన్న ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మా పనంతా దాని చుట్టూనే తిరిగింది.

నటుడి గురించి. నలభై అయిదు దాటిన మనిషి, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ, కుర్రతనం నుంచి పద్య నాటకాలు వేస్తున్నారు. మైకు లేకపోయినా ఆఖరి వరస దాకా వినిపించే గొంతు. అర్జునుడు, కృష్ణుడు, నక్షత్రకుడు, అన్నీ చేశారు. ఈ సీను చేద్దామని తనే నా దగ్గరికొచ్చారు. తెలుగు అనువాదం నేనే చేశాను, దాని తప్పులకి కూడా నేనే బాధ్యుణ్ణి. రిహార్సల్స్ ఎంవీపీ కాలనీలో ఒక మేడ మీద గదిలో, ఆయనకి ఎ షిఫ్టు ఉన్న వారాల్లో సాయంత్రాలు, బి షిఫ్టు వారాల్లో పొద్దున్న.

మొదటి రీడింగ్ విన్నాక నేను నోట్సులో మూడు సంగతులు రాసుకున్నాను.

ఒకటి, ఆయన కలని జోస్యంలా చెప్తున్నారు. మన దగ్గర ఇది సహజం. రామాయణం వింటూ పెరిగిన మనకి కల అనగానే త్రిజట స్వప్నం గుర్తొస్తుంది. రాముడు తెల్ల ఏనుగు మీద రావడం, రావణుడు నూనె పూసుకుని, ఎర్రబట్టలు కట్టి, గాడిదలు లాగే బండిలో దక్షిణానికి పోవడం. అది జరగబోయేది ముందే చెప్పే కల, చెప్పే మనిషికి దాని అర్థం తెలుసు, చుట్టూ ఉన్న రాక్షస స్త్రీలని భయపెట్టి సీతని కాపాడాలని చెప్తోంది. ఆ గొంతు వేరు. క్లారెన్స్‌కి తన కలకి అర్థం తెలియదు, కాపలావాడికీ తెలియదు. జూలియస్ సీజర్ నాటకంలో సీజర్ భార్య కాల్పూర్నియాకి అతని విగ్రహం ఒంటి నుంచి నెత్తురు ధారలు కారే కల వస్తే ఒకళ్ళు కీడంటారు, ఇంకొకళ్ళు మేలంటారు, వాదన నడుస్తుంది. ఇక్కడ వాదనే లేదు. కల చెప్పడం అయిపోతుంది, విన్నవాడు ‘నాకే భయమేస్తోంది’ అంటాడు, అంతే.

రెండు, పద్యం అలవాటు. వాక్యం చివర ఏ దీర్ఘం దొరికినా దాని మీద గొంతు సాగుతోంది. ‘సంద్రం’ అన్న మాట ప్రతిసారీ ఒక ఆలాపన అయిపోతోంది.

మూడోది అసలైంది. కలలో ఓడ డెక్ మీద అన్నదమ్ములిద్దరూ నడుస్తుంటారు. గ్లోస్టర్ కాలు తడబడుతుంది, పట్టుకోబోయిన క్లారెన్స్‌కి తగులుతాడు, క్లారెన్స్ నీళ్ళలో పడతాడు. ఆ చోటికి రాగానే మా నటుడు ఒక్క క్షణం ఆగి, పెదవి కొద్దిగా వంకర పెట్టి, ‘తూలాడు’ అన్నారు. తూలలేదు, తోశాడు అని ప్రేక్షకుడికి సైగ చేస్తున్నట్టు. ఆయన నాటకం మొత్తం చదివారు మరి. చదివిన సంగతి మొహంలో కనపడిపోతోంది.

ఈ మూడోదాన్ని నేను మొదట చిన్న విషయం అనుకున్నాను, ‘ఆ విరుపు తీసేయండి’ అంటే సరిపోతుందనుకున్నాను. తీసేశారు. విరుపు పోయింది, తెలిసినతనం మాత్రం గొంతులో ఉండిపోయింది. తెలిసినదాన్ని దాచడం వేరు, తెలియకపోవడం వేరు. దాస్తున్న గొంతుకి ఒక బిగువు ఉంటుంది, ప్రేక్షకుడు అది పట్టేస్తాడు.

రెండో వారం అంతా సముద్రం మీద గడిపాం. విశాఖలో ఉంటూ సముద్రం గురించి మాట్లాడడానికి మనకేం లోటు అనుకున్నాను. సాయంత్రం రిహార్సల్ మానేసి బీచ్‌కి వెళ్ళి, అలల్ని చూస్తూ లైన్లు చెప్పమన్నాను. బాగానే చెప్పారు, కానీ ఆ చెప్పడమంతా అందమైన వర్ణన అయిపోయింది. ఇంటికొస్తుంటే తట్టింది: మనం రోజూ చూసేది సముద్రం పైభాగమే. ఈ కలంతా అడుగున జరుగుతుంది. బీచ్ రోడ్డు మీద ఎన్నేళ్ళు నడిచినా అడుగు ఎలా ఉంటుందో తెలియదు.

హుద్‌హుద్ తుపాను గుర్తు చేశాను. 2014 అక్టోబర్ 12, ఆ గాలి హోరు ఈ ఊళ్ళో విన్నవాళ్ళెవరూ మర్చిపోరు. కలలో ‘నీళ్ళ భయంకరమైన చప్పుడు’ అని ఉంది కదా, ఆ హోరు వాడుకోండి అన్నాను. అదీ కుదరలేదు. తుపాను చప్పుడు బయట నుంచి వచ్చేది, తలుపు వేసుకుని భరించేది. మునిగేవాడికి చప్పుడు చెవి లోపలే పుడుతుంది. చివరికి మేం చేసింది చాలా మామూలు పని. రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకోమని, ఆ లోపలి ‘గుమ్’ వినమని, అలా వింటూనే లైను చెప్పమన్నాను. చెవులు మూసుకున్న మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కాబట్టి రాగం దానంతటదే పడిపోయింది. ‘చెవుల్లో నీళ్ళు. నీళ్ళ చప్పుడు’ అని పొడిగా వచ్చింది. తర్వాత చేతులు తీసేసినా అది నిలిచింది.

పగిలిన ఓడల దగ్గర ఆయన ముందు చెప్పిన గుర్తు 2020 అక్టోబర్‌లో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ. ఊరు ఊరంతా వెళ్ళి చూశాం దాన్ని, ఫొటోలు తీసుకున్నాం. కానీ అది నిటారుగా, వెలుతుర్లో నిలబడి ఉన్న ఓడ, కలలో ఓడలు అలా ఉండవు. అప్పుడు ఘాజీ మాట వచ్చింది. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది, సిబ్బందితో సహా ఇప్పటికీ అడుగునే ఉంది. మా ఇద్దరిలో ఎవరం చూడలేదు. అయినా బీచ్‌లో నిలబడిన ప్రతిసారీ అటు ఎక్కడో అది ఉందని తెలుసు. కనపడదు, కానీ ఉంది. ఈ రకం గుర్తే పనికొచ్చింది. లైనులో ఒక్క అక్షరం మార్చలేదు, ఘాజీ పేరు వేదిక మీద ఎవరూ ఎత్తలేదు. చూపు ఎక్కడ నిలపాలో ఆయనకి తెలిసింది, అంతే. ఎదురుగా ఉన్న గోడ మీద నుంచి ఆ చూపు కిందికి, నేలలోకి దిగింది.

ఇక రత్నాలు. ఈ ప్రసంగంలో అందరూ గుర్తు పెట్టుకునే బొమ్మ ఇది. సముద్రం అడుగున బంగారు దిమ్మలు, లంగర్లు, ముత్యాల కుప్పలు, కొన్ని మణులేమో పుర్రెల్లోకి దూరి, కళ్ళుండాల్సిన గుంటల్లో కూర్చుని, కళ్ళని వెక్కిరిస్తున్నట్టు మెరుస్తుంటాయి. ఇంగ్లీషులో చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. నా మొదటి అనువాదంలో మాత్రం ఏమీ కాలేదు. ‘నయనాల నెలవుల రత్నాలు వెలిగె’ అని రాశాను. ఇప్పుడు చూస్తే సిగ్గుగా ఉంది, అది పెళ్ళి శుభలేఖ మీద వేసుకోవచ్చు. తెలుగులో రత్నం, ముత్యం, మణి ఎప్పుడూ పొగడ్తలే. పలువరుస ముత్యాలు, పిల్లాడు రత్నం, ఇంటికి మణిదీపం. ఈ మాటలు వినగానే మన మనసు ముచ్చటపడుతుంది. అక్కడ భయం పుట్టమంటే ఎక్కడ పుడుతుంది?

దీనికి మందు ఫిషింగ్ హార్బర్‌లో దొరికింది. మా నటుడికి తెలిసిన ఒక పెద్దాయన ఉన్నాడు, వేటకి వెళ్ళడం మానేసి ఇప్పుడు వలలు బాగుచేస్తూ కూర్చుంటాడు. సముద్రంలో పోయినవాళ్ళ గురించి అడిగాం. అడగడానికి నాకు ఇబ్బందిగానే ఉంది, ఆయన మాత్రం వల మీద నుంచి చెయ్యి తియ్యకుండా చెప్పాడు: “సముద్రం మనిషిని దాసుకోదు బాబూ. మూడో రోజుకి ఇచ్చేస్తాది. కళ్ళు మాత్రం ఉంచుకుంటాది.” చేపలూ పీతలూ ముందు తినేది మెత్తగా ఉండే చోట్లే. కళ్ళు, పెదాలు. ఆయన దాన్ని ఘోరంలా చెప్పలేదు, సంగతిలా చెప్పాడు. దారిలో ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

ఆ రాత్రే ఆ భాగం తిరగరాశాను. రత్నాలు, మణులు తీసేసి ‘రాళ్ళు’ అని పెట్టాను. మన ఇళ్ళల్లో రాళ్ళ గాజులు, రాళ్ళ నెక్లెస్ అంటాం, విలువైనవే, కానీ ఆ మాటలో మట్టి ఉంది. ‘వెల కట్టలేని రాళ్ళు. కొన్ని పుర్రెల్లో దూరి ఉన్నాయి. కళ్ళు తినేసిన గుంటల్లో రాళ్ళు. అవి చూస్తున్నాయి.’ మూలంలో ‘అవి చూస్తున్నాయి’ అని లేదు, మెరుస్తూ సముద్రపు అడుగుతో సరసమాడుతున్నాయి అని ఉంది. నేను తీసుకున్న స్వేచ్ఛ అది. తప్పనేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట కూడా నిజమే. సరసం అన్న మాట పెట్టి రెండు రోజులు చెప్పించి చూశాను, నాలుక మీద నిలవలేదు.

ఇక్కడ కాపలావాడు అడిగే ప్రశ్న నాకు చాలా ఇష్టం. ‘చచ్చిపోతూ కూడా ఇవన్నీ చూసేంత తీరిక దొరికిందా మీకు?’ అంటాడు. ప్రేక్షకుడి మనసులో ఉన్న అనుమానమే అది. నటులు దీన్ని దాటేసుకుని పోతుంటారు. మేం అక్కడ ఆగాం. క్లారెన్స్ ఆ ప్రశ్నకి నిజంగా ఆశ్చర్యపోవాలి. అవును కదా, అంతసేపు ఎలా చూశాను అని. తన కల తనకే మొదటిసారి వింతగా అనిపించే చోటు అది.

ఇప్పుడు అసలు మలుపు. నాలుగో వారం. ఆయనకి జ్వరం వచ్చి తగ్గింది, గది దాకా రాలేనంటే నేనే గాజువాకలో వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదిలో కూర్చుని లైన్లు చూసుకుంటున్నాం. షేక్‌స్పియర్ ఈ ప్రసంగంలో ‘నాకలా అనిపించింది’ అనే అర్థం వచ్చే పాత ఇంగ్లీషు మాట ఒకటి ఆరేడుసార్లు వాడాడు. నేను ప్రతిచోటా ‘నాకు తోచింది’ అని రాశాను. ‘నాకు తోచింది, టవర్ నుంచి తప్పించుకున్నానని. నాకు తోచింది, గ్లోస్టర్ తూలాడని.’ నోట్లో గవ్వలు పోసుకుని మాట్లాడినట్టుంది, తెలుసు, కానీ ఇంకో దారి కనపడలేదు.

వాళ్ళమ్మగారు టీ తెచ్చారు. కొడుకు పక్కన కూర్చుని, నేనున్నానని కూడా చూడకుండా మొదలుపెట్టారు. “రాత్రి కల్లో మీ నాన్నొచ్చేర్రా. ఎక్కడో పెళ్ళంట. మనందరం ఎళ్ళేమంట. బంతి భోజనాలు పెడతన్నారంట. ఈయన తినకుండా ఎళ్ళిపోతన్నారంట. నాను ఎనకాల పరిగెత్తతన్నానంట, పిలస్తన్నానంట, ఇనబడ్డం లేదంట...” అని, ఒక్క క్షణం ఆగి, “ఎనక్కి తిరిగి సూసేర్రా” అన్నారు. ఆ ఆఖరి దానికి ‘అంట’ లేదు. కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు.

ఆయనా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. నాకు గుండె గబగబా కొట్టుకోవడం మొదలైంది. ఆవిడ బాధ పడుతుంటే ఇలా అనిపించకూడదు, కానీ అనిపించింది.

మనం కల ఎప్పుడూ ఇలాగే చెప్తాం. ‘అట’, ‘అంట’. ఇతరుల గురించి విన్నది చెప్పేటప్పుడు వాడే ముక్క అది: వాళ్ళబ్బాయి అమెరికా వెళ్ళాడట. దాన్నే కలలో మన మీద మనమే వాడుకుంటాం: నేను ఎక్కడికో వెళ్తున్నానట. ఆలోచిస్తే, నా గురించి నేను ‘అట’ అనేది ముఖ్యంగా రెండు చోట్ల. ఊహ తెలియని పసితనం గురించి, ‘చిన్నప్పుడు అస్తమానం ఏడ్చేవాణ్ణట’ అని. ఇంకోటి కల గురించి. రెండు చోట్లా ఉన్నది నేనే, కానీ నేను సాక్షిని కాను. ఇంగ్లీషువాడు ఒక పాత మాట పెట్టుకుని చేసిన పని తెలుగులో ఒక్క ‘ట’ చేస్తుంది, అది పండితుల మాట కూడా కాదు, టీ గ్లాసులు పట్టుకొచ్చిన తల్లి నోట్లో ఉంది. ఇన్నేళ్ళుగా వాచికం చెప్తూ నేను దాన్ని వినలేదు.

అప్పటికప్పుడు అక్కడే రాశాం. ‘టవర్ లోంచి తప్పించుకున్నానట. ఓడెక్కి బర్గండీ పోతున్నానట. పక్కన మా తమ్ముడు. లోపలేం కూర్చుంటావ్, పైకి రా అన్నయ్యా, కాసేపు నడుద్దాం అన్నాడట. ఇద్దరం ఇంగ్లండు వైపు చూస్తూ, యుద్ధాల్లో పడ్డ పాట్లన్నీ తలుచుకుంటున్నామట. ఊగుతున్న చెక్కల మీద మా తమ్ముడు కాలు జారాడట. అయ్యో అని పట్టుకోబోయాను. పడబోతూ నాకు తగిలాడు. నీళ్ళలో పడ్డాను.’

చివరి మూడు వాక్యాలకి ‘ట’ లేదని గమనించండి. అక్కడిదాకా విన్నట్టు చెప్తున్న మనిషి అక్కడి నుంచి లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మగారు ‘తిరిగి సూసేర్రా’ అన్నప్పుడు జరిగింది అదే.

దీంతో నా మూడో సమస్య, మొహంలో కనపడే ఆ తెలిసినతనం, అక్కడికక్కడే పోయింది. ‘మా తమ్ముడు కాలు జారాడట’ అన్నాక విరుపు పెట్టడానికి చోటే లేదు. జారాడో తోశాడో చెప్పాల్సిన బాధ్యత చెప్పేవాడి మీద లేదు, కల అలా అంది, అంతే. నాకు అర్థమైంది ఇది: ఆ మనిషికి తెలియంది ఆ బొమ్మకి తెలుసు. అన్నయ్యని నీళ్ళలోకి పంపేది తమ్ముడే అని కల చెప్పేసింది, క్లారెన్స్ దాన్ని తన నోటితోనే చెప్పి కూడా వినలేదు. అంత దగ్గరకొచ్చి వినకపోవడమే ఈ సీనులో గుండె కోసేది. నటుడు విన్నట్టు కనిపించాడా, సీను చచ్చింది.

సాక్ష్యం నాటకంలోనే ఉంది. కాసేపటికి హంతకులు వచ్చి, మమ్మల్ని పంపింది మీ తమ్ముడు గ్లోస్టరే అంటే క్లారెన్స్ నమ్మడు. వాడికి నేనంటే ప్రాణం అంటాడు, నన్ను కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు, విడిపిస్తానని ఒట్టేశాడు అంటాడు. అందుకని అయిదో వారం సీనుని వెనక నుంచి చేశాం. ముందు హంతకుల భాగం, ఆ నమ్మకం ఒంట్లోకి ఎక్కేదాకా. తర్వాత కల. ఈ వరస నేను ఇంకెప్పుడూ మార్చను.

రెండో సగం, చచ్చాక కొనసాగే కల, తొందరగానే కుదిరింది. మూలంలో గ్రీకు పురాణాల నది, చిరాకు మొహం పడవవాడు ఉన్నారు. మొదట ‘వైతరణి’ అని రాసి, రిహార్సల్ చూసిన నలుగురి మొహాలు చూసి తీసేశాను. వైతరణి అనగానే గోదానం, ఆవు తోక, పదో రోజు పురోహితుడు, అన్నీ వచ్చేస్తాయి. దాటించే దారి మన నదికి ఉంది, క్లారెన్స్‌కి ఏ దారీ లేదు. ‘నల్లటి ఏరు’ అని ఊరుకున్నాను.

అవతల ఒడ్డున ముందు మామగారు వార్విక్ ఎదురవుతాడు, మాట తప్పిన క్లారెన్స్‌కి ఈ చీకటి రాజ్యంలో ఏ శిక్ష సరిపోతుంది అంటాడు. మాట తప్పడం అన్నది మన ప్రేక్షకుడికి ఒక్క ముక్క కూడా వివరించక్కర్లేదు, హరిశ్చంద్రుణ్ణి చూస్తూ పెరిగినవాళ్ళం. తర్వాత నెత్తురుతో తడిసిన బంగారు జుట్టుతో ఒక కుర్రాడి నీడ. 1471లో టూక్స్‌బరీ యుద్ధంలో చనిపోయిన శత్రుపక్షం యువరాజు. ‘నన్ను పొడిచిన క్లారెన్స్ వచ్చాడు’ అని అరుస్తాడు. షేక్‌స్పియర్ ఈ రెండు దర్శనాల మధ్య ఆ ‘అనిపించింది’ మాట ఎక్కడా వాడలేదు, చివర్లో దయ్యాలు చుట్టుముట్టే చోట మళ్ళీ తెచ్చాడు. ఇది నేను ‘ట’లు సర్దుకుంటూ లెక్క చూసినప్పుడు కనపడింది. మామగారికి ఇచ్చిన మాట తప్పడం, ఆ కుర్రాణ్ణి పొడవడం, రెండూ అతను మెలకువలో చేసినవే. జ్ఞాపకానికి ‘ట’ ఉండదు.

ఆ యువరాజు అరుపు దగ్గర ఆయన పద్యం గొంతు వాడుకున్నాం. మొత్తం ప్రసంగంలో ఆ ఒక్క చోటే. ఇన్ని వారాలు ఆపుకున్న గొంతు, పైస్థాయిలో, తన గొంతు కానట్టు, చచ్చిపోయిన కుర్రాడిది అయినట్టు వచ్చింది. పద్య నాటకం వాళ్ళకి రాగం మానేయమని చెప్పడం తప్పు, ఎక్కడ పెట్టాలో వెతకాలి.

భాసుడి సంస్కృత నాటకం ‘ఊరుభంగం’లో తొడలు విరిగి పడున్న దుర్యోధనుడికి కూడా చివర్లో చూపులొస్తాయి. తాతతండ్రులు, తమ్ముళ్ళు, అప్సరసలు, సముద్రాలు, నదులు, వెయ్యి హంసలు లాగే విమానం. ఆయన అది ఇంతకుముందు చేశారు కాబట్టి దాన్నీ ఒకరోజు చెప్పించి చూశాను. అక్కడ లోకమంతా పిలుస్తోంది, మనిషి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాడు, పగ తీరిపోయింది. రెండూ పక్కపక్కన చెప్పాక ఆయనే అన్నారు, “ఇతనికి ఎవరూ బండి పంపలేదు మాస్టారూ.”

ప్రదర్శన రెండు రోజులు, చిన్న హాలు, ఇంకో రెండు ఏకాంకికలతో కలిపి. అలల చప్పుడు రికార్డు పెడదామని నేను ముందు పట్టుబట్టాను, డ్రస్ రిహార్సల్‌లో విని నేనే తీయించేశాను. మాటలో సముద్రం ఉన్నాక స్పీకర్లో సముద్రం మాటని ముంచుతుంది.

మొదటి రోజు టెన్షన్‌లో ఆయన ఒక్క తప్పు చేశారు. ‘నీళ్ళలో పడ్డానట’ అన్నారు. ఒక్క ‘ట’. నేను చివరి వరసలో ఉన్నాను, హాలు మొత్తం ఒక మెట్టు కిందికి దిగడం తెలిసింది. మునగడం, ఓడలు, పుర్రెలు, అన్నీ ఎవరో చెప్పిన కథ అయిపోయాయి. గొంతు అదే, చూపు అదే. యువరాజు అరుపు దాకా సీను లేవలేదు. రెండో రోజు ‘పడ్డాను’ అన్నారు. ముందు వరసలో ఒక పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టినట్టు కొద్దిగా ముందుకి వంగింది, పట్టుకోబోయినట్టు.

అదే సీనులో ఆ కల నిజమవుతుంది కదా. హంతకుడు క్లారెన్స్‌ని పొడిచి, లోపలున్న తియ్యటి ద్రాక్ష సారా పీపాలో ముంచుతాడు. నిజంగా 1478 ఫిబ్రవరిలో క్లారెన్స్‌కి మరణశిక్ష అమలు చేసినప్పుడు కూడా అలాగే ముంచారని పాత చరిత్రకారులు రాశారు. సముద్రమంత చావు కలగన్నవాడు పీపాడు సారాలో పోతాడు. దాన్ని మేం వేదిక మీద చూపించలేదు, లోపలి నుంచి ఒక్క పీపా మూత చప్పుడు. నాటకం మొదట్లోనే రిచర్డ్ రెండు మాటలంటాడు: మన ఇంటి మీద కమ్మిన మేఘాలు సముద్రం లోతుల్లో పాతిపెట్టబడ్డాయని, అన్నయ్యల మధ్య పగ పెట్టడానికి జోస్యాలూ కలలూ వాడానని. సముద్రం అడుగు, కల, రెండూ మొదటి ప్రసంగంలోనే ఉన్నాయి. సీను ఒక్కటే వేస్తున్నాం కాబట్టి అవి మా ప్రేక్షకులకి వినపడవు. అది నాకు ఇంకా లోటుగానే ఉంది, ఈసారి ఆ నాలుగైదు లైన్లు ముందు చదివిద్దామనుకుంటున్నాను.

ఒక చోటు మాత్రం ఇప్పటికీ తెగలేదు. కలంతా అయ్యాక, భార్యాపిల్లల్ని కాపాడమని దేవుణ్ణి వేడుకున్నాక, క్లారెన్స్ కాపలావాడితో ‘కాసేపు నా దగ్గర కూచో, మనసు బరువుగా ఉంది, నిద్రొస్తోంది’ అంటాడు. ఇలాంటి కల వచ్చినవాడు మళ్ళీ కళ్ళు ఎలా మూస్తాడు అని మా నటుడు మొదటి వారం అడిగారు. నేను చెప్పిన ఏ జవాబూ ఆయనకి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. రెండు రోజులూ గోడకి తల ఆనించి చెప్పారు, పర్వాలేదు. మొన్న ఫోన్ చేసి, తను రాత్రి డ్యూటీ దిగొచ్చాక వాళ్ళమ్మగారు ఒక్కోసారి అదే మాట అంటారని చెప్పారు. ‘పడుకుంటాను, కాసేపిక్కడే కూచోరా’ అని. వచ్చే నెల మళ్ళీ వేస్తున్నాం. ఈసారి గోడ తీసేసి, కాపలావాడి చెయ్యి పట్టుకుని చెప్పి చూస్తానన్నారు.